రకూన్ చేతికి అందని గూడు

అమెరికాలో ఇల్లు కొనుక్కుని వెనక కాస్త పెరడు దొరకగానే నాలుగు కోళ్లు పెంచుకుందామనే ఆశ చాలామంది తెలుగువాళ్లకి పుడుతుంది. 2022లో మొదలైన బర్డ్ ఫ్లూ దెబ్బకి గుడ్ల ధర ఎక్కుతూ పోయి, 2025 మార్చిలో డజను సగటున 6 డాలర్లు దాటాక ఆ ఆశ ఇంకా బలపడింది. మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. చలి తగ్గే రోజుల్లో వ్యవసాయ సామాన్ల దుకాణాల్లో కోడిపిల్లల్ని తొట్టెల్లో దీపం కింద పెట్టి అమ్ముతారు. గూడు అట్టపెట్టెలో విడిభాగాలుగా ఇంటికే వస్తుంది. ఇంట్లో పిల్లలు ఒక్కో కోడికీ ఒక్కో పేరు పెడతారు. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి గుడ్డు చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి కోళ్లని వేటాడే రకూన్ అనే అడవి జంతువు కూడా వస్తుంది.

వస్తుందా రాదా అనే అనుమానం పెట్టుకోకండి. కొన్ని ఎడారులు, ఎత్తైన కొండలు మినహా అమెరికా అంతటా అది ఉంది. అడవిలోకన్నా మన కాలనీల్లోనే దానికి తిండి ఎక్కువ. ఇప్పటిదాకా మీ కంటపడకపోతే, మీరు నిద్రపోయాక తిరుగుతోందని అనుకోవడమే మంచిది.

కోళ్లు మనకి కొత్త కాదు. ఊళ్లో గద్ద, పిల్లి, ముంగిస, వీధికుక్క, వీటి నుంచి కోళ్లని కాచుకోవడం మన పెద్దవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. పొద్దుగూకే వేళకి కోళ్లన్నిటినీ గంప కింద మూసి, పైన ఓ బండరాయి పెడితే తెల్లారేదాకా నిశ్చింత. ఇక్కడికి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ మన పెరట్లో గూడు చూసి, "ఇంత జాలీ ఎందుకే, గంప చాలదూ?" అంటారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. అక్కడి జంతువులు నోటితోనూ గోళ్లతోనూ పని చేస్తాయి. రకూన్ చేతులతో పని చేస్తుంది. రాయిని దొర్లిస్తుంది, గంపని ఎత్తుతుంది, గొళ్లెం తీస్తుంది, మూత లేపుతుంది, సందులోంచి చేయి పెట్టి తడుముతుంది. గూడు కట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదొక్కటే. నక్క కోసమో కుక్క కోసమో కట్టిన గూడు రకూన్‌కి పనికిరాదు. రకూన్ చేతికోసం కట్టినది దాదాపు అన్నిటికీ పనికొస్తుంది.

ఆ చేతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ముందరి పాదాలకి అయిదేసి వేళ్లు, పొడుగ్గా, విడివిడిగా ఉంటాయి. మనలాగా బొటనవేలిని మిగతా వేళ్లకి ఎదురుగా తెచ్చి పట్టుకోలేదు. ఆ లోటుని స్పర్శతో పూడ్చుకుంటుంది. దాని మెదడులో స్పర్శని గ్రహించే భాగంలో చాలా వాటా ఈ ముందరి పాదాలకే పోయింది. తడిస్తే ఆ స్పర్శ ఇంకా పదునెక్కుతుంది. అందుకే నీళ్లలో చేయి పెట్టి, కళ్లు ఎటో పెట్టుకుని, రాళ్ల కింద దాక్కున్న పీతని తీయగలుగుతుంది. మీ గూటి గడియని చూడాల్సిన అవసరం దానికి లేదు. చీకట్లో తడిమితే చాలు.

తెలివి కూడా తక్కువదేం కాదు. 1907లో హెచ్.బి. డేవిస్ అనే పరిశోధకుడు రకూన్ల ముందు రకరకాల గడియలు బిగించిన పెట్టెలు పెట్టి చూశాడు. 13 రకాల్లో 11 రకాలు పది ప్రయత్నాలు కూడా కాకుండానే తీసేశాయి. గడియల వరస మార్చినా, పెట్టెని తలకిందులు చేసినా మళ్లీ తీశాయి. ఒకసారి నేర్చుకున్న కిటుకుని మూడేళ్లదాకా మరిచిపోవని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. టొరంటో నగరం చెత్త డబ్బాల కోసం రకూన్ తీయలేని తాళం తయారు చేయించి, 2016లో ఇంటింటికీ కొత్త డబ్బాలు పంచడం మొదలుపెట్టింది. దాని పిడిని పట్టుకుని తిప్పితేనే మూత తెరుచుకుంటుంది. బొటనవేలు సాయం లేని చేతికి అది లొంగదని నమ్మకం. చాలామటుకు ఆ నమ్మకం నిలిచింది. అయినా డబ్బాని కిందపడేసి, పిడి తిప్పి తెరిచిన రకూన్లు కొన్నేళ్లలోనే కెమెరాలకి చిక్కాయి. ఒక మహానగరం డబ్బు పోసి చేయించిన తాళం సంగతే అది. అట్టపెట్టెలో వచ్చిన గూటికి ఉండే చిన్న కొక్కెం ఎంతసేపు ఆగుతుందో మీరే ఆలోచించండి.

ఇక పనిలోకి దిగుదాం. ఏదీ కొనకముందు ఒక పని చేయమంటాను. చీకటి పడ్డాక గూటి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి. దీపం వద్దు, కళ్లు మూసుకోండి. గూటి అంచులన్నీ, కింద నుంచి పైదాకా, వేళ్లతో తడుముతూ చుట్టూ తిరగండి. ఎక్కడ వేలు దూరితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. లాగితే కదిలే చెక్క, ఎత్తితే లేచే మూత, నెడితే జరిగే గడియ, అన్నిటికీ గీతలు పడాలి. పిల్లలుంటే వాళ్లనీ కూర్చోబెట్టండి. వాళ్ల వేళ్లు మనకన్నా సన్నగా ఉంటాయి కాబట్టి మనం దాటిపోయినవి వాళ్లకి దొరుకుతాయి. తెల్లారి చూస్తే ఆ గీతలే మీరు చేయాల్సిన పనుల జాబితా.

ఎక్కువ గీతలు గుడ్ల పెట్టె దగ్గర పడతాయి. గూటి పక్కకి పొడుచుకుని వచ్చి, పైన మూత ఎత్తితే గుడ్లు అందే ఆ పెట్టె మనకెంత సుఖమో రకూన్‌కీ అంతే సుఖం. మూత బరువు మీదే ఆధారపడి, గడియే పెట్టని గూళ్లు బజారులో బోలెడు. తర్వాత, రెట్టలు శుభ్రం చేయడానికి లాగే ట్రే. దాని చుట్టూ ఉండే సందులో చేయి పడుతుంది, ట్రే మొత్తంగా బయటికి వచ్చేస్తే జంతువే లోపలికి పడుతుంది. ఈ రెండు చోట్లా గడియ పెట్టకుండా ముందు తలుపుకి ఎంత పెద్ద తాళం వేసినా ఉపయోగం లేదు.

గడియల విషయంలో ఒక కొలమానం చాలు. రెండు మూడేళ్ల పాప తీయగలిగినదాన్ని రకూన్ తీస్తుంది. కొక్కెం, పక్కకి జరిపే గడియ, తిప్పే చెక్కముక్క, ఇవన్నీ ఆ పాపకి ఆటవస్తువులే. రెండు వేర్వేరు కదలికలు ఒకదాని తర్వాత ఒకటి కావాల్సినవి పెట్టండి. గడియ జరిపాక దాని కంతలో ఒక స్ప్రింగు కొక్కెం తగిలించడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. కొండలెక్కేవాళ్లు తాళ్లకి వాడే కారాబైనర్లలో మర తిప్పి బిగించే రకం ఉంటుంది, అది ఇంకా మేలు. తాళంకప్ప వేసినా తప్పు లేదు. కానీ తాళంచెవి ఎక్కడ పెట్టామో వెతుక్కోవాల్సిన తాళాన్ని వారం తిరక్కుండా వేయడం మానేస్తాం. రోజూ వేయగలిగిన గడియే మంచి గడియ. గడియ ఒక్కటే కాదు, తలుపు పైమూలా కిందిమూలా లాగి చూడండి. మధ్యలో ఒకటే గడియ ఉంటే పల్చటి చెక్క వంగి, మూల దగ్గర చేయి పట్టేంత సందు ఇస్తుంది. అలాంటి తలుపుకి పైనొకటి కిందొకటి కావాలి.

జాలీ దగ్గర చాలామంది మోసపోయేది పేరుని చూసి. చికెన్ వైర్ అని అమ్మే ఆరుపలకల సన్న జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపడానికే పనికొస్తుంది. బయటి జంతువుని ఆపడానికి కాదు. రకూన్ దాన్ని పళ్లతోనూ చేతులతోనూ పీకి చింపేస్తుంది. చింపకపోయినా ఆ కన్నాల్లోంచి చేయి పడుతుంది. జాలీకి ఆనుకుని నిద్రపోతున్న కోడి దొరికితే తలనో కాలునో పట్టి బయటికి లాగుతుంది. పొద్దున చూసేవాళ్లకి జాలీ చెక్కుచెదరదు, తాళం తాళంలాగే ఉంటుంది, లోపల కోడికి తల ఉండదు. ఇది ఎలా జరిగిందో అర్థంకాక ఇంట్లోవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. కొనాల్సింది హార్డ్‌వేర్ క్లాత్ అనే అర అంగుళం గళ్ల ఇనుప జాలీ. ప్రతి గడి అతుకూ వెల్డింగ్ చేసి ఉంటుంది. 19 గేజ్ సరిపోతుంది, 16 గేజ్ అయితే ఇంకా గట్టిది. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుందని గమనించండి. ఖరీదు చికెన్ వైర్‌కి చాలా రెట్లు ఉంటుంది. మిగతా ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయకండి.

జాలీని ఎలా బిగించారన్నది కూడా అంతే ముఖ్యం. రెడీమేడ్ గూళ్లలో పల్చటి స్టేపుల్ పిన్నులతో కొట్టేస్తారు. రెండు చేతులతో లాగితే అవి వరసగా ఊడొస్తాయి. ప్రతి కొన్ని అంగుళాలకీ ఒక స్క్రూ, దాని కింద వెడల్పాటి వాషర్ పెట్టి బిగించండి. కిటికీలకి దోమతెర సరిపోతుందనుకోవద్దు, దాని మీద కూడా ఇదే జాలీ పడాలి. అలాగని భయపడి గాలి రంధ్రాలన్నీ చెక్కలతో మూసేయకండి. కోళ్ల ఊపిరిలోనూ రెట్టలోనూ చాలా తేమ ఉంటుంది. గాలి ఆడని గూట్లో వేసవిలో ఎండదెబ్బా, చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బూ తప్పవు. రంధ్రాలు ఉండాలి, వాటికి జాలీ ఉండాలి. ఇంకొకటి, కోళ్లు ఎక్కి పడుకునే దండెం గోడ జాలీకి కనీసం అడుగున్నర దూరంగా కట్టండి. ఎక్కడైనా ఒక సందు మిగిలిపోయినా, దూరిన చేయికి కోడి అందదు.

పైకప్పు లేని దొడ్డికి ఎంత ఎత్తు కంచె కట్టినా రకూన్‌కి అడ్డు కాదు. 2018 జూన్‌లో మినెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ నగరంలో ఒక రకూన్ 25 అంతస్తుల ఆఫీసు భవనం గోడ పట్టుకుని పైకి పాకుతుంటే దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరికి అది శిఖరానికి చేరింది. అక్కడ పిల్లి తిండి ఎరగా పెట్టి బోనులో పట్టి, ఊరి బయట వదిలారు. వెనక పాదాలని పూర్తిగా వెనక్కి తిప్పగలదు కాబట్టి చెట్టు మీంచి తలకిందులుగానూ దిగుతుంది. మీ ఆరడుగుల చెక్క కంచె దానికి నడకదారి. పైన వల కట్టడం గద్ద కోసమే తప్ప దీనికోసం కాదు, వలని కొరికేస్తుంది. పగలు తిరిగే దొడ్డికి వల సరిపోతుంది. రాత్రి పడుకునే గూటికి మాత్రం పైన కూడా చెక్కో రేకో గట్టి జాలీయో ఉండాలి.

నేల వైపు నుంచి రకూన్ కొంత తవ్వుతుంది. ఎక్కువ తవ్వేవి నక్కలూ కుక్కలూ. ఒక్క పనితో మూడిటినీ ఆపొచ్చు. గూటి అడుగు నుంచి బయటివైపుకి రెండడుగుల వెడల్పు జాలీని నేలమీద పరిచి, గూటికి బిగించి, మేకులతో భూమికి కొట్టేయండి. నాలుగు వారాల్లో గడ్డి దాన్ని కప్పేస్తుంది. జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, గోళ్లకి జాలీ తగులుతుంది, రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలని దానికి సాధారణంగా తోచదు. లోతుగా కందకం తవ్వి జాలీ పాతడం కన్నా ఇది తేలిక. రాళ్లూ వేళ్లూ ఉన్న నేలలో ఇదొక్కటే సాధ్యం.

ఇంత కట్టాక కూడా కోళ్లు పోయే ఇళ్లున్నాయి. కారణం తలుపు వేయకపోవడం. చీకట్లో కోడికి దాదాపు చూపుండదు. దండెం ఎక్కిందంటే పక్కన కూర్చున్నదాన్ని ఎత్తుకుపోతున్నా కదలదు. కాబట్టి తలుపు తెరిచి ఉన్న ఒక్క రాత్రి మొత్తం మందకీ ఆఖరి రాత్రి కావచ్చు. మరి రోజూ వేయడం ఎందుకంత కష్టం? వేయాల్సిన సమయం రోజురోజుకీ జరుగుతూ ఉంటుంది గనక. న్యూజెర్సీలో ఎడిసన్‌నే తీసుకోండి. జూన్ చివర్లో సూర్యుడు ఎనిమిదిన్నరకి దిగుతాడు, అన్నాలు తిన్నాక వెళ్లి వేయొచ్చు. డిసెంబరు మొదట్లో నాలుగున్నరకే చీకటి. ఆ వేళకి మీరు ఆఫీసులోనో ట్రాఫిక్‌లోనో ఉంటారు. ఫోన్లో ఏడింటికి అలారం పెట్టుకున్న అలవాటు చలికాలంలో రెండు గంటలకు పైగా ఆలస్యం. ఇంటివాళ్లందరూ ఒకసారి కూర్చుని ఈ పని ఎవరిదో తేల్చుకోండి. "ఎవరో ఒకరు వేస్తారులే" అన్న ఇంట్లో ఎవరూ వేయరు. వారంలో ఏ రోజు ఎవరిదో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకున్నా మంచిదే. వేసినవాళ్లు వేశామని ఇంట్లో వినబడేలా చెప్పాలి.

వెలుగుని బట్టి తనంతట తానే మూసుకునే తలుపులు దొరుకుతున్నాయి. ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో వీటిని విలాసంగా చూడనక్కర్లేదు. కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే. మూసుకున్నాక దాన్ని చేత్తో పైకి ఎత్తి చూడండి. తాడుకి వేలాడే తేలికపాటి పలక అయితే రకూన్ కింద వేళ్లు పెట్టి లేపేస్తుంది. మూసుకున్నాక బిగుసుకుపోయే మరతో నడిచేదీ, కింది అంచు గాడిలో దిగేదీ కావాలి. ఆ తలుపు కోళ్లని లెక్కపెట్టదనీ గుర్తుంచుకోండి. పొద కింద ఆలస్యం చేసిన పెట్ట బయటే ఉండిపోతుంది, మూసిన తలుపు ముందు దానికి ఏ రక్షణా ఉండదు. ఆటోమేటిక్ తలుపున్నా రాత్రి ఒకసారి వెళ్లి తలలు లెక్కపెట్టడం మానొద్దు.

రకూన్ మన పెరట్లోకి మొదట కోడి కోసం రాదు. వాసన పట్టుకుని వస్తుంది. పిల్లికి బయట పెట్టిన తిండి, రాలిన అంజూర పళ్లు, పిట్టల కోసం వేలాడదీసిన గింజలు, మూత సరిగా పడని చెత్తడబ్బా. మన ఇళ్లలో ఇంకొన్ని కలుస్తాయి. కాకి కోసమనో పిట్టల కోసమనో పెట్టిన అన్నం ముద్ద, తులసికోట దగ్గర వదిలేసిన కొబ్బరి చిప్ప, అరటిపండు, కంపోస్టులో వేసిన మిగిలిన కూరలు. ఆ ముద్ద పెట్టొద్దనను. పొద్దున పెట్టండి, సాయంత్రానికి మిగిలింది తీసేయండి. కోళ్ల దాణా గిన్నెలు రాత్రికి లోపలికి తేవాలి, దాణా మూట బిగుతు మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉండాలి. గుడ్లు పొద్దున్నే ఏరాలి. ఒక పెరట్లో రెండు రాత్రులు తిండి దొరికితే అది రకూన్ రోజువారీ దారిలో చేరిపోతుంది. అలా తిరుగుతుండగానే గూడు తగులుతుంది.

కదలిక చూసి వెలిగే లైట్లు, రాత్రంతా మోగే రేడియో, బజారులో అమ్మే నక్క మూత్రం, వీటి మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. రెండు మూడు రాత్రులు జంకుతుంది, తర్వాత ఆ వెలుగులోనే పని కానిస్తుంది. నాఫ్తలీన్ ఉండలు, అమ్మోనియా చల్లితే నష్టం మన పిల్లలకీ నేలకీ. విషం పెట్టడం చట్టవిరుద్ధమే కాదు, దాన్ని తినేది పక్కింటి కుక్క కావచ్చు. బాగా పనిచేసేది కరెంటు కంచె. నేల నుంచి ఆరేడు అంగుళాల ఎత్తున ఒక తీగ, పన్నెండు అంగుళాల ఎత్తున ఇంకొకటి, గూటి చుట్టూ కాస్త ఎడంగా. ముక్కుకో చేతికో ఒక్కసారి తగిలితే ఆ పాఠం రకూన్‌కి చాలాకాలం గుర్తుంటుంది. దాని జ్ఞాపకశక్తి మనకి ఉపకారం చేసేది ఇక్కడే. గడ్డి పెరిగి తీగకి తగిలితే షాకు నేలలోకి పోయి బలహీనపడుతుంది, కాబట్టి కింద కోస్తూ ఉండాలి. ఒక్కటి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. కంచెల కోసమే చేసిన ఎనర్జైజర్ అనే పెట్టె నుంచి వచ్చే తీగనే వాడండి. అది క్షణమాత్రం కొట్టి ఆగుతుంది, ప్రాణం తీయదు. మన పల్లెల్లో అడవిపందుల కోసం పొలం తీగకి నేరుగా కరెంటు కలిపి మనుషుల ప్రాణాలు తీసుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఇంటి ప్లగ్గు నుంచి తీగ లాగే ఆలోచన కలలో కూడా వద్దు.

జబ్బుల గురించి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను, ఎందుకంటే ఇది కోళ్ల ప్రాణం కన్నా పెద్ద సంగతి. మనకి రేబిస్ అంటే కుక్కే గుర్తొస్తుంది. అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ పోయిందని 2007లో ప్రకటించారు. ఇక్కడ ఆ జబ్బు అడవి జంతువుల్లో ఉంది, తూర్పు తీరంలో ముఖ్యంగా రకూన్లలో. వాటికోసం ప్రభుత్వం విమానాల నుంచి టీకా ఎరలు వదులుతుంది. చేప వాసన వేసే చిన్న పొట్లం పెరట్లో దొరికితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. పగలు రకూన్ కనిపించినంత మాత్రాన పిచ్చెక్కిందని కాదు, వసంతంలో పాలిచ్చే తల్లి ఆకలికి పగలు కూడా తిరుగుతుంది. తూలుతూ, గుండ్రంగా తిరుగుతూ, మనిషిని చూసి బెదరకుండా ఉంటే మాత్రం లోపలికి వెళ్లి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి. గీరినా కరిచినా వెంటనే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

రెండోది దాని పెంటలో ఉండే ఏలికపాము. రకూన్లు ఒకేచోట మళ్లీమళ్లీ విసర్జిస్తాయి, చెట్టు మొదట్లోనో కట్టెల గుట్ట మీదో డెక్ కిందో. ఆ పురుగు గుడ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో ప్రమాదకరంగా మారి, ఏళ్లతరబడి మట్టిలో బతికే ఉంటాయి. మట్టి నోట్లో పెట్టుకునే పసిపిల్లలకి అవి మెదడుదాకా చేరగలవు. అరుదే, కానీ వస్తే చాలా తీవ్రం. కనబడిన రోజే గ్లవ్స్, మాస్కు వేసుకుని తీసి, సంచిలో కట్టి పారేసి, ఆ చోట మరిగే నీళ్లు పోయండి. బ్లీచ్ వాటిని చంపదు.

ఇన్ని చేసినా, చేసేలోపే, దెబ్బ తగలొచ్చు. ఆ పొద్దున ముందుగా కళ్లతో చదవండి. తల లేని కోడి జాలీ పక్కనుంటే, లేదా మెడా దాని కింది మేతసంచీ తినేసి మిగతాది వదిలేస్తే రకూన్ అనుకోవచ్చు. కోడి మొత్తంగా మాయమై నాలుగు ఈకలే మిగిలితే నక్కో కొయొటీయో. చాలా కోళ్లని చంపి ఏదీ తినకుండా పోతే ఎక్కువసార్లు అది ఎవరో వదిలేసిన కుక్క. పగటిపూట, ఆరుబయట, పీకిన ఈకల కుప్ప ఉంటే గద్ద. గుడ్లగూబ కూడా తల తింటుంది, కానీ మూసిన గూట్లోకి రాదు. తేల్చుకోలేకపోతే ఒక ట్రెయిల్ కెమెరా కట్టండి. ఎందుకంటే వచ్చింది మళ్లీ వస్తుంది, చాలాసార్లు ఆ మర్నాటి రాత్రే.

కాబట్టి ఆ సాయంత్రానికి మిగిలిన కోళ్లని గరాజ్‌లోకి, కుక్కల బోనులోకో పెద్ద పెట్టెలోకో మార్చండి. గాయపడినదాన్ని వేరుగా ఉంచాలి, నెత్తురు కనిపిస్తే మిగతావే పొడిచేస్తాయి. ఉప్పునీళ్లతో గాయం కడిగి, లోతుగా ఉంటే పశువైద్యుడికి చూపించండి. చనిపోయినదాన్ని వండొద్దు, గ్లవ్స్‌తో తీయండి. బతికినవి కొన్ని వారాలు గుడ్లు పెట్టకపోవచ్చు, అది సహజం. పేరు పెట్టుకున్న కోడి పోయిన పిల్లలకి "కోడే కదా" అనకండి. వాళ్ల ఎదుట ఇంకొకరిని "తలుపు నువ్వే వేయలేదు" అని నిలదీయకండి. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని పనిలోకి మళ్లించే దారి మీ చేతిలో ఉంది. ఆ మధ్యాహ్నమే సుద్దముక్క ఇచ్చి గూటి దగ్గరికి తీసుకెళ్లండి.

కోపంలో మొదట తోచేది బోను పెట్టి పట్టేయడం. పట్టి వేరే చోట వదలడం చాలా రాష్ట్రాల్లో చట్టరీత్యా నేరం, జబ్బు కూడా దానితోపాటే ప్రయాణం చేస్తుంది. తూర్పు తీరంలో రేబిస్ అంతగా పాకడానికి కారణం 1970ల్లో వేట కోసం దక్షిణాది రకూన్లని వర్జీనియా వైపు తరలించడమే. పైగా ఏప్రిల్, మే నెలల్లో పట్టిన తల్లి వెనక ఏ అటక మీదో మూడు నాలుగు కూనలు కళ్లు తెరవకుండా ఆకలికి చచ్చిపోతాయి. ఒకదాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి ఇంకొకటి వస్తుంది, గూటి కొక్కెం మాత్రం అలాగే ఉంటుంది. నిజంగా తప్పనిసరైతే మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖని అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

చివరిగా, మనవాళ్లకే ప్రత్యేకంగా వచ్చే సమస్య ఒకటుంది. వేసవి సెలవుల్లోనో డిసెంబరులోనో నెలరోజులు ఇండియాకి వెళ్తాం. పూలమొక్కలకి నీళ్లు పోయడానికి ఎవరో ఒకరు ఒప్పుకుంటారు గానీ, రోజూ చీకటి వేళకి వచ్చి తలుపు వేసేవాళ్లు దొరకడం కష్టం. ప్రయాణానికి రెండు వారాల ముందే పక్కింటివాళ్లతోనో, ఆ వీధిలో హైస్కూలు చదివే పిల్లలతోనో మాట్లాడుకోండి. గడియలు మీరు తీసి చూపించడం కాదు, వాళ్లచేతే రెండుసార్లు వేయించండి. కోళ్లు మొత్తం ఎన్నో గూటి తలుపు మీద పెద్ద అంకెలో రాయండి, లెక్క తగ్గితే ఎక్కడ వెతకాలో చెప్పండి. మీరు ఇండియాలో ఉన్నన్నాళ్లూ ఇక్కడి ఊళ్లో పొద్దు ఎన్నింటికి గూకుతుందో తారీఖులవారీగా కాగితం మీద రాసి ఇవ్వండి. తలుపు వేసి ఒక ఫొటో పంపమని అడగండి, మీరు అక్కడ లేవగానే చూసుకోవచ్చు. ఆ నెల పెట్టిన గుడ్లన్నీ వాళ్లవేనని ముందే చెప్పండి.